కులం గడి: మూడు పట్టణాల ఇంటర్నెట్

ఇంటర్నెట్ వస్తే కులం పోతుందని మనకు చెప్పినవాళ్లు తక్కువమందేమీ కాదు. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఈ దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ ప్రారంభమయింది. కంప్యూటరు ముందు కూర్చున్నవాడి కులం కంప్యూటరుకు తెలియదనే మాట ఆ రోజుల్లో గాలిలో తిరిగింది. మన విద్యావంతులు కూడా కొందరు నమ్మారు. తర్వాత తరంలో నేనూ నమ్మాను. ఇప్పుడు చూస్తే, మన కులం తెలియకపోవడం అటుంచి, అది తెలుసుకోనిదే కంప్యూటరు తర్వాతి పేజీకి పోవడం లేదు.

ఈ కంపెనీలు తమ గురించి తాము చెప్పుకునే మాట ఒక్కటే: మేం తీగ మాత్రమే, అందులో పారేది మీది. 2000 నాటి ఐటీ చట్టంలో 79వ సెక్షను ఈ మాటకు రక్షణ ఇస్తుంది. ఇతరులు పెట్టిన దానికి మధ్యలో ఉన్న కంపెనీ, కొన్ని షరతులు పాటిస్తే చాలు, బాధ్యత వహించనక్కర లేదు. కులం విషయంలో ఈ మాట అబద్ధమని నా వాదన. కులం గడిని తయారుచేసిందీ కంపెనీలే, దానికి వెల కట్టిందీ కంపెనీలే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి దీన్ని చూపించడానికి ప్రయత్నిస్తాను.

మొదటి రెండూ హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీది ఊళ్లు. మూడోది సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో, వరితో, రైసు మిల్లులతో బలిసిన ఊరు. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లా అయ్యేదాకా మూడూ నల్గొండ జిల్లాలోవే. ఆ రోడ్డు పక్కన కేబుల్ వేసేటప్పుడు కందకం తవ్విన కూలీలలో మా వాడవాళ్లున్నారు, మా నాయన కూడా ఉన్నాడు. మీటరు లెక్కన కూలి. ఆ తీగల ఏం పోతదో ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఫోన్లకని అనుకున్నాడు.

నేను మొదటిసారి ఇంటర్నెట్ చూసింది కోదాడలో, ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి పోయినప్పుడు. తర్వాత స్కాలర్‌షిప్ ఫారం నింపడానికి అదే బజారుకు పోయిన. దుకాణం ఆయన కులం గడి దగ్గర ఆగిండు. ఎస్సీ అని చెప్పిన. “ఎస్సీ అంటే సరిపోదు తమ్మీ, మాలనా మాదిగనా చెప్పు, లిస్టుల పేరు పెట్టాలె” అని, జిరాక్సుల కోసం నిలబడ్డ పదిమందికీ వినబడేటట్టు అడిగిండు. మాదిగ అని చెప్పిన. అడిగినవాడు చెడ్డవాడేమీ కాదు. గడి నిండకపోతే ఆయనకు తర్వాతి పేజీ రాదు. కానీ ఆ రోజు నా వెనక నిలబడ్డవాళ్లలో నా క్లాసు పిల్లలు ఇద్దరున్నారు. అప్పటిదాకా వాళ్లకు నా కులం తెలియదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ప్రభుత్వ ఫారంలో కులం గడి ఉండడాన్ని నేను వ్యతిరేకించడం లేదు. అది మన హక్కుకు ఆధారం. ఆ గడి తీసేయాలని అడిగేవాళ్లు ఎవరో, ఎందుకు అడుగుతున్నారో మనకు తెలుసు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ అమలులోకి వచ్చి 59 కులాలు మూడు గ్రూపులయినాయి కాబట్టి, ఎస్సీ అని చెప్పి ఊరుకునే వీలు ఇప్పుడు అసలే లేదు. వర్గీకరణను నేను సమర్థిస్తాను. నా పేచీ అడిగే చోటుతో. 2002లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌తో కలిసి ఏపీ ఆన్‌లైన్ అనే సంస్థను పెట్టింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. ఎమ్మార్వో ఆఫీసు కిటికీ బజారులోని దుకాణానికి వచ్చింది. దీనివల్ల మేలు జరగలేదని అనను. అంతకు ముందు ఒక్క కుల ధ్రువీకరణ పత్రం కోసం మా అమ్మ మూడు రోజుల కూలి పోగొట్టుకుంది. అయితే ఒక గుమాస్తాకు చెప్పుకోవలసిన సంగతి ఇప్పుడు బజారుకు చెప్పుకోవలసి వస్తున్నది. సేవకు ఇంత రుసుమని నిర్ణయించినవాళ్లు, ఆ గడిని విద్యార్థి తానే చాటుగా నింపుకునే ఏర్పాటు ఒకటి ఉండాలని ఎందుకు ఆలోచించలేదు? ఆలోచించవలసిన స్థానంలో కూర్చున్నవాళ్లకు ఆ గడి ఎన్నడూ నోటికి అడ్డం పడలేదు గనుక.

అదే గడి ఇంకొక రకం దుకాణంలో ఎట్లా మారిపోతుందో చూద్దాం.

కులానికి మూలం ఎక్కడుందో అంబేద్కర్ 1916లోనే కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో తేల్చాడు. తమలో తామే పెళ్లి చేసుకోవడమే కులం, మిగిలినవన్నీ దాని మీద కట్టినవి. 1936లో ‘కుల నిర్మూలన’లో కులాంతర వివాహమే అసలైన మందు అని రాశాడు. ఇప్పుడు ఆ మూలాన్నే సరుకు చేసుకున్న కంపెనీ మన కళ్ల ముందున్నది. భారత్ మాట్రిమొనీ నడిపే మాట్రిమొనీ డాట్ కామ్ సంస్థ 2017 సెప్టెంబరులో షేర్ మార్కెట్‌కు ఎక్కింది. తెలుగువాళ్లకు తెలుగు మాట్రిమొనీ ఉంది. అది చాలదన్నట్టు కమ్యూనిటీ మాట్రిమొనీ పేరుతో కమ్మవాళ్లకు వేరు, రెడ్లకు వేరు, ఇట్లా మూడు వందలకు పైగా వేరు వేరు సైట్లు. అక్కడ కమ్యూనిటీ అంటే కులం అనే అర్థం.

సూర్యాపేటలో పెళ్లి సంబంధాలు చూసే ఒక దుకాణంలో స్నేహితుడి చెల్లెలి కోసం కూర్చున్నప్పుడు నేను గమనించింది ఇది. స్కాలర్‌షిప్ దుకాణంలో తలవంచుకొని చెప్పిన మాటను ఇక్కడ జనం ఛాతీ విరుచుకొని చెపుతున్నారు. కులం, ఉపకులం, శాఖ, గోత్రం. ఎంత సన్నగా వడగడితే అంత మంచి సేవ అన్నట్టు. కుల పట్టింపు లేదని టిక్కు పెట్టే వీలు కూడా ఉంది, నిజమే. కానీ మన పత్రికలలో పెళ్లి ప్రకటనలు చదివేవాళ్లకు ఆ టిక్కు అర్థం తెలుసు: “కుల పట్టింపు లేదు, ఎస్సీ, ఎస్టీలు మినహా.” మనువు పనిని ఇప్పుడు ‘ప్రాధాన్యత’ అంటున్నారు. వాడుకరి పెట్టుకున్న ప్రాధాన్యతకు మేమేం చేస్తామని కంపెనీ అడగవచ్చు. జల్లెడ తయారుచేసి అమ్మేవాడు, నూక పడిపోవడానికి నేను కారణం కాదంటే ఎట్లా ఒప్పుకోవడం?

ఇక మిర్యాలగూడ.

పెళ్లి విషయంలో కులం గీత దాటినవాళ్లను ఈ జిల్లా ఎట్లా శిక్షిస్తుందో పాతతరం పాఠకులకు చెప్పనక్కర లేదు. 1991లో చలకుర్తిలో, కొడుకు రెడ్డి స్త్రీతో వెళ్లిపోయాడని తల్లిని వివస్త్రను చేసి ఊరేగించారు. అప్పుడు ఆ వార్త పత్రికల ద్వారా, పౌరహక్కుల, స్త్రీవాద బృందాల నివేదికల ద్వారా బయటికి వచ్చింది. ప్రణయ్ కథ వేరు. అది మొదటి నుంచి చివరిదాకా ఫోనులోనే నడిచింది.

ప్రణయ్ దళిత క్రైస్తవుడు. భార్య వైశ్యుల అమ్మాయి. ఆమె పేరు నేను రాయను, ఆ పేరు మీద ఇప్పటికే చాలామంది సంపాదించుకున్నారు. 2018 జనవరిలో పెళ్లి చేసుకున్నారు, ఆగస్టులో మిర్యాలగూడలోనే విందు చేశారు. అంతకు రెండేళ్ల ముందు, 2016 సెప్టెంబరు 5న, జియో వచ్చింది. ఉచిత డేటాతో వాడలో కూడా ప్రతి ఇంటికీ వీడియో వచ్చింది. ఈ జంట తమ పెళ్లి వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నారు. అందరూ పెట్టుకుంటారు. కానీ ఆ ఊరిలో ఆ వీడియో, వాడ పిల్లగాడు కోమట్ల పిల్లతో దర్జాగా నడిచి వస్తున్న ప్రకటన అయింది. విందూ, వీడియో తండ్రికి కోపం పెంచాయని అప్పటి వార్తలు రాశాయి. సెప్టెంబరు 14న ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్యా, తల్లీ చూస్తుండగా ప్రణయ్‌ని నరికి చంపారు. కోటి రూపాయల బేరమని పోలీసులు చెప్పారు.

ఆ తర్వాత జరిగిందే ఈ వ్యాసానికి విషయం. ఆస్పత్రి సీసీ కెమెరాలో పడ్డ హత్య దృశ్యం టీవీల మీదుగా వాట్సాప్‌లోకి, యూట్యూబ్‌లోకి పోయింది. పెళ్లి వీడియోను కొత్తగా లక్షలమంది చూశారు. ‘జస్టిస్ ఫర్ ప్రణయ్’ పేజీ వచ్చింది. దాన్ని తక్కువ చేయను, మన పిల్లలను దేశం నలుమూలలా కదిలించింది అదే. కానీ అదే సంస్థ సర్వర్లలో, అదే రోజులలో, తండ్రి చేసింది న్యాయమేనని రాసినవాళ్లూ పేజీలు పెట్టారు. ఆ అమ్మాయిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రెండు రకాల పేజీల పక్కనా యాడ్లు వచ్చాయి. యూట్యూబ్‌లో యాడ్ల డబ్బులో మామూలుగా 55 శాతం చానలుకు, 45 శాతం కంపెనీకి. ఎంత ఎక్కువసేపు చూస్తే అంత డబ్బు గనుక, మనిషి ఏది చూసి ఆగుతాడో మిషను దానినే మళ్లీ ముందుకు తోస్తుంది. కులహత్య దగ్గర మన తెలుగు మనిషి చాలాసేపు ఆగుతాడు. కొందరు ఏడ్చి ఆగుతారు, కొందరు సంతోషించి ఆగుతారు. మిషనుకు ఆ తేడా అవసరం లేదు. 2020 మార్చిలో తండ్రి చనిపోయినప్పుడు ఈ బజారు మళ్లీ తెరుచుకుంది. జూన్‌లో ఫాదర్స్ డే నాడు రాంగోపాల్ వర్మ తన ‘మర్డర్’ సినిమా పోస్టరు విడుదల చేశాడు. ప్రణయ్ కుటుంబం కోర్టుకు పోవలసి వచ్చింది.

ఇది ఇక్కడి కిందిస్థాయి చానళ్ల కక్కుర్తి, పైనున్న కంపెనీలకు మన కులాల సంగతి ఏం తెలుసని కొందరు మిత్రులు అంటారు. తెలుసు. 2018 నవంబరులో, ప్రణయ్ హత్య జరిగిన రెండు నెలలకు, ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీకి వచ్చాడు. సంఘపాలి అరుణ అనే దళిత కార్యకర్త ఇచ్చిన పోస్టరు పట్టుకొని ఫోటో దిగాడు. బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలుకొట్టమని దాని మీద ఉంది. గోల మొదలుకాగానే కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ ఫోటో తమ అభిప్రాయం కాదని క్షమాపణ చెప్పింది హైదరాబాదులో పుట్టిన విజయ గద్దె, ఆ సంస్థ న్యాయ విభాగం అధిపతి. ఆ అమ్మాయి మీద పడ్డ తిట్లకు క్షమాపణ చెప్పాలని ఏ కంపెనీకీ తోచలేదు. ఎవరి మనోభావాలకు బరువుందో వాళ్లకు బాగా తెలుసు.

మన వైపు కూడా చూసుకోవాలి. 2016 జనవరిలో రోహిత్ వేముల ఉత్తరాన్ని ఇంటింటికీ చేర్చింది ఈ తీగలే. హైదరాబాదులో ఒక దళిత పరిశోధకుడు మొదలుపెట్టిన ‘దళిత్ కెమెరా’ను ఏ పెద్ద పత్రికా అచ్చు వేసేది కాదు. ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాను: మన రికార్డు ఎవరి చేతిలో ఉంది? ఆర్కుట్‌లో మనవాళ్లు గంటల తరబడి వాదించుకున్న గుంపులు ఎన్నో ఉండేవి. 2014 సెప్టెంబరులో గూగుల్ ఆర్కుట్‌ను మూసేసింది. అయిదువందల కాపీలు వేసిన మన చిన్న పత్రిక ఇప్పటికీ ఏదో ఒక లైబ్రరీలో దొరుకుతుంది, ఆ వాదనలు దొరకవు. పైగా లైకుల లెక్క మనకూ అంటింది. మాల, మాదిగ పిల్లలు ఒకరినొకరు తిట్టుకునే వీడియోలకు ఎంతమంది చూపరులో మీరే చూడండి.

2025 జనవరి చివర సూర్యాపేటలో, వేరే కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్న దళిత యువకుడి శవం పిల్లలమర్రి దగ్గర దొరికింది. మార్చి 10న నల్గొండ కోర్టు ప్రణయ్ కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మరణశిక్ష మీద నా అభిప్రాయం వేరే వ్యాసంలో రాస్తాను. తీర్పు వచ్చిన వారం నేనూ, మిర్యాలగూడ, కోదాడల నుంచి ఇద్దరు విద్యార్థులూ కూర్చుని, ఒక వేదిక మీద తీర్పు వీడియోల కింద తెలుగులో వచ్చిన వ్యాఖ్యలు చదివాం. చంపినవాళ్లను పొగిడినవి, “ఇంకో ప్రణయ్ కావాలె” అన్నవి ఏరి ముప్పై ఒక్కటి ఫిర్యాదు చేశాం. 2021 నాటి నిబంధనల ప్రకారం అప్పుడు 24 గంటల్లో రశీదు, 15 రోజుల్లో పరిష్కారం ఇవ్వవలసి ఉండేది. 2022 సవరణలో కులం పేరుతో శత్రుత్వం రెచ్చగొట్టడం అనే మాట కూడా చేరింది, కాకపోతే హింసను ప్రేరేపించే ఉద్దేశం ఉండాలట. నాలుగింటిని తీసేశారు. మిగిలినవాటికి ఇంగ్లీషులో ఒకే జవాబు: ఇవి మా కమ్యూనిటీ ప్రమాణాలకు విరుద్ధం కావు. ఏ కమ్యూనిటీ అని రాసినవాణ్ణి అడిగే దారి ఆ జవాబులో లేదు.

2023 నుంచి కేంద్రంలో అప్పీలు కమిటీలున్నాయి, జవాబు వచ్చిన 30 రోజుల్లో పోవాలి. మాకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది, గడువు దాటిపోయింది. ఆ ఇరవై ఏడు వ్యాఖ్యలనూ తేదీతో, వీడియో పేరుతో, మాకు వచ్చిన జవాబుతో సహా కాగితం మీద రాసి, రెండు కాపీలు తీయించాం. ఒకటి మిర్యాలగూడలో ఒక టీచరు ఇంట్లో ఉంది, ఒకటి నా దగ్గర ఉంది.