సూది కన్నా ముందు ఊపిరి

ఊపిరితిత్తిలో గడ్డకి సూది వేసి ముక్క తీయడం నేర్చుకునే పిల్లలకి నేను ముందు చెప్పేది పక్కటెముక సంగతే. రక్తనాళాలు ఎముక కింది అంచును పట్టుకుని నడుస్తాయి. అందుకని సూది ఎప్పుడూ ఎముక పై అంచును రాసుకుంటూ లోపలికి దిగాలి. ఎముక వేలికి తగులుతుంది. గడ్డ తగలదు. సీటీ తీసి, సూది కాస్త దించి, మళ్లీ సీటీ తీసి, కోణం సరిచేసుకుంటూ పోవాలి.

ఆగ్మెంటెడ్ రియాలిటీ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ సీటీలోని ఎముకలు, నాళాలు, గడ్డ, సూది వెళ్లాల్సిన దారి, అన్నీ రోగి ఛాతీ మీదే కనిపిస్తాయి. మానిటర్‌కేసి తల తిప్పక్కర్లేదు. స్కాన్లు తగ్గితే రేడియేషనూ తగ్గుతుంది. ఇది మన ఆస్పత్రులకి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఎందుకంటే, ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ మందులు మొదలుపెట్టి, నెలలు పోయాక క్యాన్సర్ అని తేలినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కఫంలో ఏమీ దొరకనప్పుడు ముక్క తీయాల్సిందే.

చిక్కంతా ఊపిరితోనే. కళ్లద్దాల్లోని బొమ్మ స్కాన్ తీసిన క్షణానిది. బల్ల మీది మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు. ఊపిరితిత్తి అడుగున ఉన్న గడ్డ ఒక్క శ్వాసకి సెంటీమీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే జరుగుతుంది. స్కాన్‌లో ఎంత గాలి పట్టి ఆపాడో, సూది దిగేటప్పుడూ అంతే ఆపాలి. పాతబస్తీ పెద్దాయనకి "సాస్ రోకో" (ఊపిరి బిగబట్టండి) అంటే చాలు, రొమ్ము విరిచి గాలంతా లాగేస్తారు. "పూరా నక్కో చాచా, థోడాచ్" (అంతా వద్దు చాచా, కొంచెమే) అని, పొట్ట మీద చెయ్యి వేసి, ఆ కొంచెం ఎంతో ఆయనకి అలవాటయ్యేదాకా చేయించాలి. అప్పటిదాకా నేను సూది ముట్టను.

ఊపిరి మీద మా హైదరాబాద్‌లో ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. 1888, 1889లలో ఆరో నిజాం డబ్బుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చే కమిషన్లు నడిపారు. రెండోదానికి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ని పంపింది. క్లోరోఫాం ఇచ్చేవాడు నాడి వదిలి ఊపిరే కనిపెట్టాలని లారీ పట్టు. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న ఆయన మాట నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు దాన్ని తోసేశాయి. ఊపిరి మీంచి చూపు తిప్పవద్దన్న మాట మాత్రం నా పనికి ఇవాళ్టికీ అక్కరకొస్తోంది.

కళ్లద్దాలు తయారుచేసేవాళ్లని నేను అడిగేది ఒకటే. ఎంత ఊపిరి పట్టాడో రోగికీ కనబడేలా ఒక గీత చూపించండి, సూచనలు తెలుగులోనూ దక్కనీలోనూ పలికించండి.