పేరు అడగని దుప్పటి

ఈ వారం నా కోపానికి కారణం మళ్లీ ఫొటోనే. దానం, కెమెరా ఒకచోట కనబడితే ఈ కాలమ్‌కి పూనకం వస్తుందని పాత పాఠకులకు తెలుసు. సికింద్రాబాద్ స్టేషన్ బయట నిద్రపోతున్న ముసలాయన్ని అర్ధరాత్రి లేపి, దుప్పటి కప్పి, ఫ్లాష్ కొట్టారు. కప్పడానికి లేపడమెందుకో! మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో కింద అరవై దండాలు. ముసలాయన కళ్లు మాత్రం ఎవరో దొంగని చూసినట్టున్నాయి.

రోడ్డుమీద పడుకునేవాళ్లని పలకరించడం తెలిసిన కుర్రాడొకడు నాకు పరిచయం. నిద్రలో ఉన్నవాళ్ల జోలికి పోడు. బండి దూరంగా ఆపి నడిచొస్తాడు. తలవైపు నుంచి రాడు, కాళ్లవైపు నుంచే వస్తాడు. చెప్పులు విడిచి వాటిమీదే కూర్చుంటాడు. మూట మీద చెయ్యి వెయ్యడు. ఆధార్ కార్డు, మందుల చీటీ, దాచుకున్న నాలుగు నోట్లు అన్నీ అందులోనే ఉంటాయి మరి. "చాయ్ తాగుదమా పెద్దాయనా?" అంటాడు. వద్దంటే లేచిపోతాడు. కాలి పుండుకి మందు గురువారం తెస్తానంటే గురువారమే తెస్తాడు. పింఛను ఇప్పించమంటే "నాతోని కాదు" అని మొహమ్మీదే చెప్తాడు. ఆ మాట చెప్పినందుకే కొందరు అతన్ని దగ్గరికి రానిస్తారట.

బోస్టన్‌లో 1985లో జిమ్ ఓకానెల్ అనే కుర్ర డాక్టరు పైన్ స్ట్రీట్ ఇన్ అనే షెల్టర్‌కి వెళ్తే, బార్బరా మెకిన్నిస్ అనే నర్సు స్టెతస్కోపు పక్కన పెట్టించి, ముందు వచ్చినవాళ్ల కాళ్లు కడగమంది. రోగి కుర్చీలో, డాక్టరు నేలమీద. మందంటేనే మొహం తిప్పుకునే ఒకాయన, కాళ్లు కడిగించుకుంటూ కడిగించుకుంటూ చివరికి డాక్టరు మాట విన్నాడు. ఇది చదివిన దగ్గర్నుంచీ ఓపికే మందని అందరికీ చెప్తూ వచ్చాను.

కానీ మన ఊళ్లో 2017 ఉంది. ఇవాంకా ట్రంప్ వచ్చిన పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, ఆ నవంబరులో, హైదరాబాద్ పోలీసులు రెండు నెలలు బిచ్చమెత్తడాన్ని నిషేధించారు. దొరికినవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. కాగితం మీద పునరావాసమే. వ్యాన్ ఎక్కేవాడికి కనబడేది జైలు గోడ. ఆ తర్వాత చాలాకాలం మా కుర్రాడు గ్లాసు అందిస్తే ఒకటే ప్రశ్న: "చాయ్ తాపిస్తవ్, మల్ల వ్యాన్ తెస్తవా బిడ్డా?"

అనుమానం అన్యాయమా? ఎవరు ఏ మెట్ల కింద పడుకుంటారో, ఎవరికి ఎవరూ లేరో చాయ్ తాపించేవాడికి తెలిసినంతగా పోలీసుకి తెలీదు. పెద్ద నగరాల్లో లక్ష మందికో షెల్టర్ ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఉన్నవాటిలో మాత్రం చాలాచోట్ల మగవాళ్లది వేరు, ఆడవాళ్లది వేరు. ముప్ఫై ఏళ్లు ఒకే గోనెపట్టా మీద పడుకున్న ముసలి జంటని అక్కడికి రమ్మని ఒప్పించడానికా మనం నమ్మకం సంపాదించేది? రానన్నవాడికి మనమీద నమ్మకం లేదనుకుంటాం. ఆ షెల్టర్ సంగతి అతనికి మనకంటే బాగా తెలుసేమో.

అందుకని, చెప్పడానికి నామోషీగా ఉన్నా, దుప్పటివాళ్ల మీద కోపం సగం దిగింది. ఫ్లాష్ కొట్టినందుకు ఇప్పటికీ తిడతాను. కానీ వాళ్లు పేరు అడగలేదు, ఊరు అడగలేదు, మనసు విప్పమనలేదు. ముసలాయన పొద్దున్నే దాన్ని అమ్ముకుని టిఫిన్ చేసినా అడిగేవాడు లేడు. నేనిన్నాళ్లూ మెచ్చుకున్న చాయ్ ఇంత తేలిగ్గా వదిలిపెట్టదు.

మా కుర్రాడి దగ్గర నోటుబుక్ ఉంది. అందులో పుండ్లు, మందులు, వారాలు రాసుకుంటాడు; పేర్లుండవు, చోట్లుండవు. సర్వే అని ఎవరైనా వస్తే ఎంతమందో చెప్తాడు, ఎక్కడున్నారో చెప్పడు. సహకరించడని వాళ్లకి కోపం. రానివ్వండి.