నార్త్‌స్టార్ ప్రకటన: సానుభూతి ఎవరికి?

మార్వెల్ కామిక్స్‌లో నార్త్‌స్టార్ పాత్ర 1979లో ప్రవేశించింది. కెనడా సూపర్‌హీరోల బృందమైన ‘ఆల్ఫా ఫ్లైట్’లో సభ్యుడితడు. ఇతణ్ణి తొలినుండీ స్వలింగ ప్రేమికునిగానే భావించినట్లు సృష్టికర్తల్లో ఒకరైన జాన్ బర్న్ చెప్పాడు. అయితే 1954 నాటి కామిక్స్ కోడ్ అటువంటి సూచనను సైతం నిషేధించింది. ఆ నిబంధన 1989లో గాని సడలలేదు. 1992లో, ‘ఆల్ఫా ఫ్లైట్’ 106వ సంచికలో, నార్త్‌స్టార్ తాను గే అని ప్రకటించాడు.

విమర్శకులు సాధారణంగా ఈ ప్రకటన దగ్గరే ఆగిపోతారు. కథ అంతకన్నా చిక్కైనది. నార్త్‌స్టార్ దిక్కులేని ఒక పసికందును చేరదీస్తాడు. ఎయిడ్స్‌తో బాధపడుతున్న ఆ శిశువు కోసం దేశమంతా చలించిపోతుంది. అది చూసి రెండవ ప్రపంచయుద్ధ కాలపు వీరుడు మేజర్ మేపుల్‌లీఫ్ ఆగ్రహిస్తాడు. అతని కొడుకూ ఆ వ్యాధితోనే మరణించాడు. గే అయినందున అతనికోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. కథలోని అసలు ప్రశ్న ఇదే. రచయిత స్కాట్ లాబ్‌డెల్ దానిని దాడికి దిగిన తండ్రి నోట పలికించాడు. నార్త్‌స్టార్ ప్రకటన ఆ పోరాటం నడుమ జవాబుగా వెలువడుతుంది. (‘స్వలింగ సంపర్కం’ అనే పత్రికాపదం ఇక్కడ అతకదు, ఈ కథలో సంపర్కం మాట అటుంచి ప్రియుడే లేడు.) శిశువు మరణిస్తుంది. పాఠకుని సానుభూతి ఆ పసితనం మీదుగానే నాయకుణ్ణి చేరుతుంది. తండ్రి నిరసించిన పక్షపాతాన్నే కథాసంవిధానం తిరిగి పాటించిందని నా అభిప్రాయం.

నార్త్‌స్టార్, కైల్ జినాడుల వివాహం 2012లో, ‘అస్టోనిషింగ్ ఎక్స్-మెన్’ 51వ సంచికలో జరిగింది. మేపుల్‌లీఫ్ కొడుకు గురించిన ప్రశ్న మాత్రం 106వ సంచికలోనే ఉంది.