జైడికో గానము – దాని క్రియోలు మూలములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో లూసియానా రాష్ట్రపు నైరృతి భాగమునఁ గల పల్లెలలోను, పడమటనున్న టెక్సాసు రేవుపట్టణములలోను, ఫ్రెంచి మాటాడు నల్లజాతి క్రియోలుల నాట్యశాలలఁ బెరిగిన గానమునకు జైడికో యని పేరు. వలసదేశమునఁ బుట్టినవారను నర్థమున నేర్పడిన క్రియోలు శబ్దము ఆ ప్రాంతమున నల్లవారికిని, మిశ్రజాతివారికిని, వారి భాషకును జెల్లుచున్నది. తిత్తుల నొక్కుచు వాయించు అకార్డియనును, ఱొమ్మునఁ దగిలించుకొని గీకెడి ముడుతల ఱేకును ఈ గానమునకు ముఖ్యవాద్యములు.

దీనినిగూర్చి చర్చించినవారిలోఁ గొందఱు, 1755వ సంవత్సరము మొదలు కెనడాలోని అకేడియానుండి వెడలఁగొట్టఁబడి లూసియానా చేరిన ఫ్రెంచి తెల్లవారి కేజను సంగీతమునకిది శాఖ యనిరి. బ్లూసు గానమునకు అకార్డియనును దగిలించినంతనే జైడికో యైనదని మఱికొందఱు. రెంటికిని దోషమొక్కటే: వాద్యమును జూచి వంశమును నిర్ణయించుట. పేరును, పాటను బరిశీలించినచో వేఱు సంగతి తోఁచును.

పేరు వైయాకరణులకు వినోదకరమైనది. ఫ్రెంచిభాషలో చిక్కుడుకాయలకు ‘ఆరికో’ యని పేరు. బహువచనమున నామమునకు ముందు వచ్చు ‘లే’ యను ఉపపదముచివర వ్రాఁతలో నొక సకారము కలదు. అది సాధారణముగఁ బలుకఁబడదు. అచ్చు పరమగునపుడు మాత్రము జకారముగ వినఁబడును. కాని ‘ఆరికో’ శబ్దము వ్రాఁతలో హకారాదియైనది. ఆ హకారమునకు ధ్వని లేకున్నను, ఈ శబ్దమున సంధిని నిషేధించు శక్తి మాత్రము కలదు. కావున ‘లే ఆరికో’ యను విసంధిరూపమే శిష్టసమ్మతము. లూసియానా పల్లెజనులీ నిషేధమును బాటింపక ‘లేజారికో’ యనిరి. పిమ్మట ఉపపదపు జకారమును నామమునకే కట్టి ‘జారికో’ యని విడఁదీసిరి. వారి రేఫము నాలుకకొనతోఁ బలుకఁబడునది గావున ఇంగ్లీషు మాటాడువారి చెవికి డకారమువలెఁ దోఁచెను. 1960 ప్రాంతమున, హ్యూస్టను నగరపు పాటలను సేకరించిన మాకు మెకార్మికు వ్రాసిన వర్ణక్రమమే నేఁడు నిలిచినది.

ఇట్టిది లూసియానాకే పరిమితము గాదు. పందొమ్మిదవ శతాబ్దమునుండి తెలుఁగువారును గాపురమున్న మారిషసు దీవిలోని క్రియోలుభాషలో చిక్కుడు ‘జరికో’, పక్షి ‘జ్వాజో’, నక్షత్రము ‘జెత్వాల్’. వీనియన్నిటి మొదటి జకారమును ఫ్రెంచి ఉపపదమునుండి వచ్చినదే. రెండు మహాసముద్రముల యొడ్డున నొకేరీతిగఁ గలిగిన మార్పును పామరుల పొరపా టని త్రోసివేయుట తగదు. అది క్రియోలుభాషల స్వభావము. జైడికో పదమును పశ్చిమాఫ్రికా భాషలలో వెదకినవారును గలరు. తాళమునకు మూల మా ఖండమున నుండవచ్చును గాని, పదమునకై యంతదూరము పోవ నక్కఱలేదు.

చిక్కుడుకాయలలో ఉప్పు లేదని చెప్పు నానుడి యొకటి వారిలోఁ గలదు. వంటలో ఉప్పుమాంసము వేయుటకు గతిలేని కఱవుకాల మని దాని భావము. గానమునకుఁ బేరిచ్చిన దీ నానుడియే. ఇది యే పాటలో మొదట వినవచ్చునను ప్రశ్న ముఖ్యమైనది. జాను లోమాక్సు, ఆయన కుమారుఁడు ఆలను లోమాక్సు 1934వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు గ్రంథాలయముకొఱకు లూసియానాలో పాటలను శబ్దముద్రణము చేసిరి. అందు ‘జురే’ యను జాతి పాటలు కలవు. ఒట్టు పెట్టుకొనుట యను నర్థముగల ఫ్రెంచి ధాతువునుండి యీ పేరు వచ్చినది. ఈస్టరు పండుగకు ముందటి వ్రతదినములలో వాద్యములును నాట్యమును గూడవు గనుక, క్రియోలులు చేతులు చఱచుచు, నేలఁ ద్రొక్కుచు, ఒకఁడు పలుకఁగా తక్కినవారు బదులుపలుకుచు వీనిఁ బాడెడివారు. ఉప్పులేని చిక్కుడుకాయల మాట ఆ 1934 నాఁటి జురేలలో నొకదానియందే యున్నది. అకార్డియను లేదు, ఱేకు లేదు. పేరును దాళమును మాత్రము సిద్ధముగ నున్నవి.

అకార్డియను అప్పటికే క్రియోలుల యిండ్లలో లేకపోలేదు. ‘లాలా’ యనఁబడు ఇంటినాట్యములలో నది మ్రోఁగుచునే యుండెను. నల్లవాఁడగు అమెడే ఆర్డ్వాన్ 1929లో తెల్లజాతి ఫిడేలు విద్వాంసుఁడగు డెన్నిసు మెగీతోఁగూడి మొదటి పలకల నిచ్చెను. ఆతని పాటలను కేజను గాయకులు తమవిగఁ జేసికొనిరి. శాఖావాదులు మఱచినది దీనినే: ఋణము రెండువైపులఁ గలదు. తెల్లయువతి చేతిరుమాలుతోఁ జెమట తుడుచుకొనినందుకు ఆర్డ్వానును గొట్టిరని జనులు చెప్పుకొందురు. 1942లో పైన్‌విల్లు పిచ్చాసుపత్రిలో నతఁడు మృతినొందుట మాత్రము నిశ్చయము.

1925లో ఒపెలూసా సమీపమునఁ బుట్టిన క్లిఫ్టను షెనియే పియానోమెట్లుగల పెద్ద అకార్డియనును జేపట్టి, బ్లూసు రీతులను జొనిపి, 1954నుండి పలకల నిచ్చుచు ఈ గానమును దేశాంతరములకుఁ గొనిపోయెను. ఆతని ప్రతిభలో శంకలేదు. కాని యాతఁడే జైడికోను బుట్టించెననుట అతిశయోక్తి. ఆతఁడు చేసిన మేలులలో నొకటి యంతగా గుర్తింపఁబడలేదు. బట్టలుతుకు గరుకుపలకను మెడకుఁ గట్టుకొని గీకు పూర్వపద్ధతిని మాన్పి, భుజములమీఁదుగ నంగీవలె వ్రేలెడి ముడుతల ఱేకును ఊహించి, 1946లో టెక్సాసులోని పోర్టు ఆర్థరున విల్లీ లాండ్రీ యను లోహకారునిచేఁ జేయించెను. అన్న క్లీవులాండు దానిని సీసామూఁతలు తీయు సాధనములతో వాయించెడివాఁడు. జురేలోని చేతిచఱపు ఇట్లు ఱొమ్మునకెక్కెను. జైడికోలో నత్యంత ప్రాచీనమైన యంశము చూచుటకు మిక్కిలి నూతనముగఁ దోఁచు నీ ఱేకే యనవచ్చును.

తాళము నిలిచినంత సుఖముగ మాట నిలువలేదు. 1921 నాఁటి లూసియానా రాజ్యాంగము ప్రభుత్వపాఠశాలలలో నింగ్లీషుననే బోధింపవలెనని విధించెను. ఇంటిభాష నాడిన బిడ్డలు బడిలో దండనకుఁ బాత్రులైరి. షెనియే రెండుభాషలందును బాడెను. నేఁటి గాయకులలోఁ బెక్కండ్రు ఇంగ్లీషుననే పాడుచున్నారు. ఫ్రెంచివాక్యమున నూనిక కడపటి యక్షరముపైఁ బడును; అక్కడనే అకార్డియను బదులుపలుకును. ఇంగ్లీషున నూనిక ముందే పడిపోవుటచే ఆ పొంతన సడలుచున్నది. ఇది రుచిభేదము మాత్రమే కాదు, పాటకట్టడమునకే కలిగిన నష్టము.

దీనిని సరిగఁ దూఁచుటకు పాఠములు కావలయును. లూసియానా క్రియోలుగీతము లేడు 1867లో అచ్చైన అమెరికా దాసజనుల గీతసంపుటమునఁ గలవు. లోమాక్సుల సేకరణమును గలదు. దానిలోని పాటలు రెండు గ్రామఫోను పలకల సంపుటముగ లోకమునకు దక్కినది 1987వ సంవత్సరమున. ఆ డిసెంబరులోనే షెనియే కాలధర్మము నొందెను.