ఓడినవాడు రాసిన చరిత్ర: గువామన్ పోమ

అమెరికా ఖండాన్ని గురించి యూరపువారు రాసిన గ్రంథాలకు లెక్కలేదు. 1492లో కొలంబస్ తీరం తాకింది మొదలు నావికులు, సైనికులు, మతగురువులు, గుమాస్తాలు అందరూ రాశారు. చూసిందీ రాశారు, చూడనిదీ రాశారు. వారి కాళ్లకింద నలిగినవారు రాసింది మాత్రం బహు స్వల్పం. ఆ స్వల్పంలో ఫెలిపె గువామన్ పోమ ద అయాల రచనను ముందుగా లెక్కించాలి. పెరూ కొండసీమలో పుట్టిన ఈ వృద్ధుడు 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌ను ఉద్దేశించి దాదాపు 1,200 పుటల గ్రంథం పూర్తిచేశాడు. అందులో 398 బొమ్మలున్నాయి. అన్నీ స్వయంగా గీసినవే. అది కోపెన్‌హేగెన్ రాజగ్రంథాలయంలో పడివుండగా 1908లో జర్మన్ పండితుడు రిచర్డ్ పీచ్‌మన్ కంటబడింది. 1936లో పారిస్‌లో ప్రతిబింబ ముద్రణ వెలువడింది. 2001 నుంచి ఆ గ్రంథాలయంవారే పుటలన్నిటినీ ఇంటర్‌నెట్‌లో ఉంచారు.

ఆక్రమణ కథ మన పాఠకులకు కొంత తెలిసినదే. 1532 నవంబరు 16న కహమార్క పట్టణంలో పిజారో 168 మందితో ఇంకా ప్రభువు అతహువల్పను పట్టుకున్నాడు. గదినిండా బంగారం విడుదల వెలగా పుచ్చుకుని కూడా మరుసటేడు చంపించాడు. 1545లో పొతోసి వెండికొండ బయటపడింది. 1570ల్లో వైస్రాయి తొలేదో ఒక పాత ఇంకా ఆచారానికి కొత్త పదును పెట్టాడు. కొండజిల్లాల వయోజన పురుషుల్లో ఏడోవంతు వంతులవారీగా గనికి పోవాలన్నాడు. మశూచికం వంటి రోగాలు, ఈ వెట్టి కలిసి చేసిన పని ఎంతటిదంటే, చరిత్రకారుడు నోబుల్ డేవిడ్ కుక్ లెక్కప్రకారం 1520లో 90 లక్షలున్న పెరూ స్థానిక జనాభా 1620 నాటికి 6 లక్షలకు పడిపోయింది. (మన మిరపకాయా, వేరుసెనగా కూడా ఆ ఖండంనుంచే ఓడలెక్కి వచ్చాయి. ఆ లాభం అనుభవిస్తున్నవాళ్లం గనుక ఆ లెక్క చదవవలసిన బాధ్యత మనకూ ఉంది.)

ఈ దారుణాన్ని ఖండించిన స్పానియార్డులు లేకపోలేదు. లాస్ కాసాస్ 1552లో అచ్చువేసిన చిన్న గ్రంథం యూరపును కుదిపింది. ఆయన నిజాయితీని శంకించనక్కర లేదు. ఐతే ఆయన పుటల్లో ఇండియన్లు గొర్రెపిల్లలు, స్పానియార్డులు తోడేళ్లు. గొర్రెపిల్లకు సానుభూతి దొరుకుతుంది, నోరు దొరకదు. మన సాహిత్యంలోనూ పేదవాడిపట్ల కన్నీరు కార్చిన రచనలు బోలెడున్నాయి గాని, ఆ పేదవాడు ఒక్క తెలివైన మాటైనా మాట్లాడినవి ఎన్ని?

గువామన్ పోమ గీసిన ఒక బొమ్మ చూస్తే తేడా తెలుస్తుంది. మధ్యలో పేద ఇండియన్ మోకాళ్లమీద ఉన్నాడు. చుట్టూ ఆరు జంతువులు. పాము జిల్లా అధికారి. పులి సత్రాల్లో మకాం వేసే స్పానియార్డు. సింహం ఎన్‌కొమెందేరో, అంటే ఇండియన్ల కప్పం అనుభవించే హక్కు రాజువల్ల పొందినవాడు. నక్క పాదిరీ. పిల్లి దస్తావేజులు రాసే గుమాస్తా. ఆరోది ఎలుక, అది సాటి ఇండియన్ అయిన గ్రామపెద్ద! తాను ఆ పెద్దల వంశంవాడినని పుటపుటా చెప్పుకునే మనిషి, ఆ పెద్దల్నికూడా తినేవారి వరుసలో చేర్చాడు. ఎలుక చిన్నజంతువే. కాని అది బయటినుంచి రాదు, ఇంట్లోనే ఉంటుంది. దోపిడీ యంత్రంలో స్థానికుడి భాగమెంతో లాస్ కాసాస్ చూడలేని చోట ఇతడు చూశాడు.

ఇక అతని అబద్ధాల సంగతి. పిజారో తుంబెస్ రేవులో దిగినప్పుడు తన తండ్రే రాయబారిగా ఎదురేగి శాంతి ప్రకటించాడని రాస్తాడు. చరిత్రలో దీనికి ఆధారం లేదు. పండితులు దీన్ని గొప్పలు చెప్పుకోవడంగా కొట్టిపారేశారు. నాకు అలా తోచదు. ఆనాటి స్పెయిన్ న్యాయశాస్త్రంలో ధర్మయుద్ధంలో గెలిచినవాడికే ఓడినవారి భూమిమీద, శ్రమమీద హక్కు. దేశం ఇష్టపడే లోబడిందని రుజువైతే అసలు యుద్ధమే జరగలేదు; యుద్ధం లేనప్పుడు విజేతకు హక్కెక్కడిది? ఇది కోర్టుమెట్లు ఎక్కిన మనిషి ఆలోచన. హువామంగ పరిసరాల్లోని భూమికోసం వ్యాజ్యమాడి ఓడిపోయి, 1600లో 200 కొరడాదెబ్బలు, రెండేళ్ల బహిష్కారం శిక్షగా పొందినవాడు ఇతడు. తన వ్యాజ్యాన్ని దేశపు వ్యాజ్యంగా పెంచి రాజుముందు దాఖలు చేశాడు. రాజు ప్రశ్నలు అడుగుతున్నట్టు, తాను జవాబిస్తున్నట్టు ఒక అధ్యాయమే కల్పించాడు.

అంతమాత్రాన ఇతణ్ణి విప్లవకారుణ్ణి చేసి ఊరేగించే మిత్రుల ఉత్సాహంలో నేను పాలుపంచుకోలేను. యౌవనంలో అల్బోర్నోస్ అనే మతాధికారివెంట ఉండి, 'తాకి ఓంకోయ్' అనే స్థానిక మతోద్యమాన్ని అణచడంలో తోడ్పడ్డాడు. ముసలితనంలో కూడా ఆ అధికారిని మెచ్చుకున్నాడు. మిశ్రజాతి బిడ్డలంటే అతనికి అసహ్యం. అతని సుపరిపాలనలో ఫిలిప్ లోకానికంతటికీ చక్రవర్తి, అతనికింద పెరూకు రాజు ఎవరయ్యా అంటే తన కొడుకే! అధికారం పోయిన కులీనుడి కోపం ఇది. ఆ కోపం గని కూలీ బాధను తాకినచోట గొప్ప సాహిత్యమైంది, తన వంశవృక్షం చుట్టూ తిరిగినచోట విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగు పుటలు తక్కువేమీ కావు.

భాష విషయం చెప్పకుండా ముగించరాదు. ఇంకా రాజవంశపు స్త్రీ కొడుకైన గార్సిలాసో స్పెయిన్‌లో స్థిరపడి, 1609లో చక్కని కాస్తిలియన్‌లో తన పూర్వుల చరిత్ర అచ్చువేశాడు. గువామన్ పోమ స్పానిష్ అలాంటిది కాదు. విభక్తి కుదరదు, వాక్యం మధ్యలో కెచువా భాష చొరబడుతుంది, పాదిరీల వచ్చీరాని కెచువాను అనుకరించి వెక్కిరిస్తాడు. పెరూ చరిత్రకారుడు పోర్రాస్ బర్రెనెచియా 1948లో దీన్ని మెదడు గందరగోళమని తేల్చాడు. వ్యావహారికాన్ని అపభ్రంశమన్న పండితుల మాట విన్నవాళ్లం గనుక ఈ తీర్పు మనకు కొత్త కాదు. తన భాషలో ఆలోచించి, తనను కొట్టినవాడి భాషలో ఫిర్యాదు రాసేవాడి వాక్యం వంకరపోక ఏమవుతుంది? ఎవరైనా దీన్ని తెలుగు చేయబూనితే ఆ వంకరలు సరిదిద్దకూడదు. కెచువా మాటలు ఉన్నచోటే ఉంచాలి. బొమ్మలు ఒక్కటికూడా వదలరాదు, ఎందుకంటే అక్షరంరాని తనవారు చదవగలిగిన భాగం అదొక్కటే.