ముందు ఆ గడప తొక్కి రావాలి

బేతమంగళ చెరువు నీళ్లతో కోలారు బంగారు గనుల ఊళ్లు బతికాయి. ఇప్పుడు మా చుట్టుపక్కల బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చేలున్నాయి. ఇక్కడ అన్నదమ్ముల తగాదాలు చాలావరకు నీళ్ల దగ్గరే మొదలవుతాయి. ఉమ్మడి బోరు, వంతులు, వేళాపాళా లేని త్రీఫేజ్ కరెంటు. ఒకరి వంతులో ఇంకొకరు మోటారు వేసుకున్నారంటే రెండిళ్ల మధ్య మాటలు బందు. ఆదివారం మాత్రం ఇద్దరూ ఒకే చర్చికి వస్తారు. ఆరాధన అయ్యాక అందరికీ వందనాలు చెప్పుకుంటూ, ఆ ఒక్క మనిషి ఎదురుపడేసరికి చెప్పులు వెతుక్కుంటారు.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు కానుకను బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు. నీకు కోపముంటే అనలేదు, అతనికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే అన్నాడు. 18వ అధ్యాయంలో తప్పు అవతలివాడిదైనా నువ్వే వెళ్లమన్నాడు. మొదట ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతే సంఘానికి. తప్పెవరిదైనా లేచి వెళ్లాల్సింది మనమే.

మనం దీన్ని తలకిందులు చేశాం. ముందు సంఘానికి చెబుతాం, అదీ ప్రార్థన మనవి పేరుతో. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థన చేయండి, వాళ్ల మనసు మారాలి" అంటే చాలు, కూటం ముగిసేలోపు ఊరంతా తెలిసిపోతుంది. ఆ మనిషికి మాత్రం మన నోటి నుంచి ఒక్క మాట చేరదు. పొరుగువాడి కోసం ప్రార్థించడం మంచిదే. కానీ అతని గడప తొక్కకుండా తప్పించుకోవడానికి ప్రార్థనను వాడుకోవడం నాకు భయం కలిగిస్తుంది.

మా వైపు ఒక కుటుంబంలో తమ్ముడు అన్న వంతు రాత్రి స్టార్టర్ పెట్టెలో ఫ్యూజు పీకేశాడు. టమోటా పూత మీద ఉంది, రాలిపోయింది. నెలల తర్వాత ఒక సాయంత్రం తమ్ముడు ఒక్కడే వెళ్లాడు. పెద్దమనుషులు లేరు, పాస్టరుగారు లేరు. "అన్నా, ఆ రాత్రి ఫ్యూజు పీకింది నేనే. పూత రాలింది నావల్లే" అన్నాడు. దానికి ముందు అన్న ఏం చేశాడన్నది ఎత్తలేదు. "తెలుసులేరా" అన్నాడు అన్న. ఆ వేసవికి తన వంతులో రెండేసి రాత్రులు అన్న మడికే వదులుతానని తమ్ముడు ఒప్పుకున్నాడు. సువార్తలోని జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నది కూడా ఇలాంటి లెక్కే. క్షమాపణ నోటితో మొదలై నీళ్లదాకా వెళ్లాలి. అన్నదమ్ములిద్దరూ వెంటనే కలిసిపోలేదు. అన్న కొడుకు పెళ్లిదాకా వదినమ్మ మాట్లాడలేదు. ఆమెకు కావలసినంత టైము ఆమె తీసుకోవడం న్యాయమే.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. తాగొచ్చి కొట్టే భర్త దగ్గరికి భార్యనే పంపి సమాధానపడమనే పెద్దలున్నారు. వాక్యం దెబ్బలు తిన్నవాళ్లను మళ్లీ దెబ్బల్లోకి తోయడానికి కాదు. అక్కడ వెళ్లాల్సింది కొట్టినవాడు. వినకపోతే సంఘమంతా ఆమె పక్కన నిలబడాలి, పోలీసు స్టేషనుదాకా తోడు వెళ్లాలి.

వెళ్లాలనుకున్నా చాలామందికి వేళ కుదరదు. గనులు 2001లో మూతపడ్డాక ఇక్కడి నుంచి ఎంతోమంది చీకటితో లేచి బెంగళూరు రైలెక్కుతున్నారు, రాత్రికిగానీ ఇల్లు చేరరు. సూర్యుడు అస్తమించేలోపు కోపం వదలమని పౌలు ఎఫెసు సంఘానికి రాశాడు. వీళ్లకు ఆ సూర్యాస్తమయం బంగారుపేట దగ్గర రైల్లోనే అయిపోతుంది. మనిషిని ఎదురుగా చూసి మాట్లాడటానికి మిగిలింది ఆదివారమే.

అందుకే మా పాస్టర్లకు ఒక మనవి. నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉంటే, అంతకుముందు ఆదివారమే ఆ సంగతి చెప్పండి. అలా చెప్పిన ఆదివారం మధ్యాహ్నం కూటాలేవీ పెట్టకండి. ఎవరి ఇంటికి వెళ్లాలో వాళ్లకే తెలుసు, వెళ్లడానికి ఒక పూట ఖాళీ ఇస్తే చాలు.