బండ మిగిల్చిన ప్రహరీ

గాజులరామారంలో ఇంటి పునాది తీస్తుంటే చాలాచోట్ల గునపానికి బండే తగులుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. దాన్ని కంప్రెషర్ పెట్టి పగలగొట్టిస్తాం, ముక్కల్ని ట్రాక్టర్‌కు డబ్బులిచ్చి మరీ ఎక్కడో పారబోయిస్తాం. ఆ వెంటనే ప్రహరీకి సిమెంటు ఇటుకలు కొంటాం!

ఆ ముక్కల్నే ఇనుప జాలి పెట్టెల్లో పేర్చి తోటకు కంచెగా నిలబెట్టొచ్చు. ఇంజనీర్లు వీటిని గేబియన్లు అంటారు. ఒకప్పుడు యూరప్ సైన్యాలు పుల్లలతో అల్లిన బుట్టల్లో మట్టి నింపి ఫిరంగుల దగ్గర అడ్డం పెట్టుకునేవి. 19వ శతాబ్దం చివర్లో ఇటలీకి చెందిన మకాఫెర్రీ సంస్థ తీగ పెట్టెల్లో రాళ్లు నింపి రేనో నది దగ్గర వాడింది. మన వాటర్‌షెడ్ పనుల్లో వాగులకు అడ్డంగా కట్టేవీ ఇవే. చూపుకూ బాగుంటాయా అంటే, 1990ల చివర్లో ఆర్కిటెక్టులు హెర్జోగ్, డి మ్యూరాన్‌లు కాలిఫోర్నియాలో ఇలాంటి పెట్టెలతో కట్టిన డొమినస్ వైనరీ ఫొటోలు చూడండి. చెలక గట్ల మీద రాళ్లు పేర్చిన మన రైతులకు ఇందులో కొత్తది జాలి ఒక్కటే.

పనితనమంతా పేర్చడంలో ఉంది. జాలి కన్ను 8 సెంటీమీటర్లయితే రాయి అంతకంటే పెద్దదై ఉండాలి. 10 నుంచి 20 సెంటీమీటర్లయితే చేతికి అనువుగా ఉంటుంది. ట్రాలీ ఎత్తి గుమ్మరిస్తే జాలి పొట్ట పెడుతుంది. ఒక్కో రాయినీ తిప్పి చూసి, చదును ముఖం జాలికి ఆనించి, కదలకుండా వెనక చిన్న ముక్క బిగించాలి. అడుగు ఎత్తు నిండగానే ముందు జాలినీ వెనక జాలినీ కలుపుతూ అడ్డ తీగలు కట్టాలి. ఇది మరిచిపోతే తర్వాత దిద్దుకోలేం. తీగ జీఐదే కావాలి. మామూలు బైండింగ్ వైర్ నాలుగు వానలకే తుప్పు పడుతుంది.

రెండు మీటర్ల పొడవు, మీటరు ఎత్తు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న పెట్టె నిండితే సుమారు టన్ను బరువు. కాబట్టి కింద నేల గట్టిగా దిమ్మిస కొట్టాలి. అంత సన్న గోడను ఇంకా ఎత్తు లేపాలంటే లోపల ఇనుప స్తంభాలు కాంక్రీటులో పాతక తప్పదు.

ఆ స్తంభాలకు తప్ప దీనికి సిమెంటు అక్కర్లేదు, గోడకు క్యూరింగ్ లేదు. వాన నీరు సందుల్లోంచి వెళ్లిపోతుంది కాబట్టి వెనక నిలిచి గోడను తోసెయ్యదు. మట్టిని ఆపే చోట మాత్రం వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి, లేకుంటే నీళ్లతోపాటు మట్టీ జారిపోతుంది. చిక్కూ ఆ సందులతోనే: తొండలు చేరితే ముచ్చటే గానీ తేళ్లూ పాములూ చేరతాయి. పిల్లలు ఆడే వరండా పక్కన వద్దు. మే నెలలో పొద్దుగూకాక కూడా వేడి కక్కుతుంది, పడమటి వైపు ఏదైనా తీగ పాకించండి. రాళ్ల మధ్య రంగు గాజు ముక్కలు, లైట్లు పెట్టడం నాకైతే నచ్చదు. గ్రానైట్‌లోని బూడిద, గులాబీ రంగులు చాలవా?

ఒక్క షరతు. కంచె కోసం కొత్త గుట్టను పేల్చొద్దు. ఈ బండల్ని కాపాడాలనే హైదరాబాద్‌లో 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పుట్టింది. పక్క ప్లాట్లలో పారబోసిందే కావలసినంత. జాలి ఎవరైనా అమ్ముతారు. పేర్చడానికి మాత్రం రాతిపని తెలిసిన వడ్డెర మేస్త్రీని పిలిచి, రోజు కూలి మాట్లాడుకోండి; గుత్తకిస్తే పని గుమ్మరింపులోకి దిగుతుంది.